పాత అంబాసిడరు కారు: అడుగు రేకు త్రుప్పును బాగుచేయు విధము

అంబాసిడరు కార్ల తయారీ 2014లో నిలిచిపోయినది. అయినను మన పల్లెలలో కొందరు రైతుల యిండ్ల నా కార్లు నేటికిని తిరుగుచున్నవి. యింజనును శ్రద్ధతో చూచుకొనువారు సైతము కాళ్ల క్రింది రేకును మరచుచున్నారు.

మేమెరిగిన యొక రైతు తన కారు అడుగున రెండుమారులు తారు పూయించెను. పైకి గట్టిగానే కనబడినది. ఒకనాడు సీటు బోల్టు రేకుతోకూడ ఊడివచ్చెను. కారు నిలిచియుండుటచే ప్రమాదము తప్పినది. తారు త్రుప్పును మాన్పలేదు, దాచినది.

ఈ కారునకు లారీకివలె వేరుగా చాసిస్సు లేదు. అడుగు రేకును, తలుపుల క్రిందనుండు పెట్టెవంటి దూలములును, పైభాగమును కలిసి బరువును మోయును. కావున అడుగు చివికిన కారు బలమే తగ్గును.

కారణము: ఇనుమునకు నీరును గాలియు తగిలినచో త్రుప్పు పుట్టును. ముందు అద్దపు రబ్బరు పట్టీ పగిలినను, తలుపుల అడుగు రంధ్రములు మట్టితో పూడినను నీరు లోపల నిలుచును. పొటాషు మొదలగు ఎరువుల బస్తాలను కారులో వేసినచో, రాలిన ఉప్పు తేమను పీల్చి త్రుప్పును త్వరపెట్టును.

పరీక్ష: సీట్లను, మ్యాట్లను తీసివేసి చిన్న సుత్తితో తట్టవలెను. మంచి రేకు ఖంగున మ్రోగును. చివికినది బొద్దుగా పలుకును. అనుమానమున్నచోట స్క్రూడ్రైవరుతో పొడిచి చూడవలెను. పనిని టింకరునకు అప్పగించినను ఈ పరీక్షను రైతు స్వయముగా చేయుట మేలు.

పని: మొదట బ్యాటరీ తీగను విప్పవలెను. క్రిందుగా పోవు ఇంధనపు గొట్టమును, బ్రేకు గొట్టమును తొలగింపవలెను. ఇసుకయు నీరును దగ్గర నుంచుకొని, ఒక మనిషిని క్రింద కావలి యుంచవలెను. తలుపుల క్రింది దూలములు కూడ చివికియున్నచో, కోయుటకు పూర్వమే తలుపు సందులకు అడ్డుకమ్ములు బిగింపవలెను. లేనిచో కారు వంగి, తరువాత తలుపులు పడవు.

మంచి ఇనుము కనబడువరకు కోయవలెను. చివికిన గుడ్డకు గట్టి మాసిక వేసినచో కుట్టు నిలువదుగదా! అట్టతో కొలత తీసి, అంచులకు అంగుళము ఎక్కువగా 18 గేజి రేకును కత్తిరింపవలెను. జింకుపూత రేకును వాడరాదు. వెల్డింగులో దాని పొగ జ్వరమును తెచ్చును. ఒకేచోట ఏకధారగా అతికినచో రేకు వేడికి మెలిపడును. అంగుళమంత అతికి, ఎదుటివైపునకు పోయి మరియొక అంగుళము అతుకుచు, చల్లారనిచ్చుచు పూర్తిచేయవలెను.

రక్షణ: తీగల బ్రష్షుతో శుభ్రపరచి, రెడ్ ఆక్సైడు పూత వేసి, అతుకులను సీలరుతో మూసి, ఆరిన పిమ్మటనే క్రింద తారుపూత వేయవలెను. నీటి రంధ్రములను మాత్రము మూయరాదు. అద్దపు రబ్బరును మార్చనిచో ఈ వ్యయమంతయు రెండు వానకాలములలో వ్యర్థమగును.

ప్రతియేట వానలు వెలిసిన పిమ్మట మ్యాట్లనెత్తి చూచుట కొక పూట చాలును. సీటు బోల్టులు గాని, స్ప్రింగు పట్టీలు బిగించుచోటు గాని చివికియున్నట్లు తెలిసినచో, బాగుచేయించువరకు ఆ కారులో పిల్లలనెక్కించి ప్రయాణింపరాదని మా మనవి.