కత్తికి పెట్టె దొరకడం లేదా? పార్సిల్ కట్టేవారికి 13 చిట్కాలు

నాటక సమాజాలకు ఖడ్గాలు, గోడకు తగిలించుకునే అలంకార కత్తులు, రాజుల ఇళ్లలో పెళ్లికొడుకు చేతికిచ్చే పెళ్లి కత్తులు... వీటిని ఇంటి నుంచే అమ్మేవారికి సరుకు కన్నా పెట్టెతోనే ఎక్కువ చిక్కు. చీరకో పెట్టె, పచ్చడి సీసాకో పెట్టె ఏ బజారులోనైనా దొరుకుతాయి. మూడున్నర అడుగుల పొడవుండి, వెడల్పు జానెడు కూడా ఉండని పెట్టె మాత్రం ఎవరూ అమ్మరు. కాస్త తెలిసి వెతికితే పైసా ఖర్చు లేకుండానే దాన్ని సంపాదించవచ్చు.

1. పెట్టె వెతికే ముందు, పంపేది పదునైన కత్తా, మొద్దు కత్తా అన్నది తేల్చుకోండి. 1959 నాటి ఆయుధాల చట్టం కింద వచ్చిన నియమాల్లో, 9 అంగుళాలకు మించిన పొడవు గానీ 2 అంగుళాలకు మించిన వెడల్పు గానీ ఉన్న పదునైన కత్తులు ఆయుధాల పట్టికలో ఉన్నాయి. వంటింటి కత్తులకూ పొలం పనిముట్లకూ మినహాయింపు ఉంది. పదునున్న ఖడ్గమైతే లైసెన్సు సంగతి పోలీసు స్టేషన్‌లో కనుక్కున్నాకే బేరం కుదుర్చుకోండి. నాటకానికైనా గోడకైనా పదును అవసరం లేదు కాబట్టి మొద్దు అంచున్నవే అమ్మడం మేలు.

2. కత్తిని ఒరతో సహా పాత కాగితం మీద పడుకోబెట్టి, చుట్టూ పెన్సిల్‌తో నాలుగు గీతల చట్రం గీయండి. పెట్టెకు కావలసిన పొడవూ వెడల్పూ అందులోనే తెలుస్తాయి. వంపు కత్తికి వెడల్పును నిర్ణయించేది ఆ వంపే. సూటి ఖడ్గానికైతే పిడి దగ్గరి అడ్డకమ్మి. ఆ కొలతకు చుట్టూ ఒక అంగుళం, మొన వైపు మూడు అంగుళాలు కలపండి.

3. ఇక వెతకడం. ఎలక్ట్రికల్ కొట్టులో నాలుగడుగుల ట్యూబ్‌లైట్లు వచ్చే పెద్ద అట్టపెట్టె అడగండి. కర్టెన్ రాడ్లు అమ్మేచోట సన్నటి పొడవాటి పెట్టెలు ఉంటాయి. టీవీ, ఫ్రిజ్, సైకిల్ షాపుల్లో దొరికే పెద్ద అట్టల్లో ఒక్కోదాన్నుంచి రెండు మూడు కత్తి పెట్టెలు చేసుకోవచ్చు. సరుకు దిగిన రోజునే వెళ్లాలి. మర్నాటికి ఆ అట్టలు పాత కాగితాల కొట్టుకు చేరిపోతాయి.

4. బట్టల దుకాణంలో తాను చుట్టి వచ్చే అట్ట గొట్టాలు, ఫ్లెక్సీలు అచ్చు వేసేచోట మిగిలే గొట్టాలు బాగా గట్టివి. కాకపోతే పెద్ద పిడి, వంపు ఉన్న కత్తి వాటిలో పట్టదు. కర్రసాము కర్రలకు, చెక్క కత్తులకు, పిడి ఊడదీయగలిగే నాటకాల కత్తులకు వాడుకోండి. గొట్టం దొర్లిపోకుండా రెండు చివర్లా చదరపు అట్ట బిళ్లలు అంటించండి.

5. పాత పెట్టె తెచ్చాక వేలితో గట్టిగా నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతే తడి తిన్నదన్నమాట, పక్కన పెట్టేయండి. మూడు పొరల అట్ట నాటకాల రేకు కత్తులకు చాలు. ఇనుప కత్తికి ఐదు పొరలది కావాలి. పెట్టె మీది పాత చిరునామా, బార్‌కోడ్ కాగితాలు పూర్తిగా చింపేయండి. అవి ఉంటే మీ పార్సిల్ ఇంకో ఊరు తిరిగి వస్తుంది.

6. పెద్ద అట్టను కోసి పెట్టె చేసేటప్పుడు, అట్ట లోపలి ముడతలు పెట్టె పొడవునా సాగేలా చూసుకోండి. అలా ఉంటే నడుము విరగదు. మడత పెట్టాల్సిన చోట చెంచా కాడతో గట్టిగా గీసి మడిస్తే గీత తిన్నగా వస్తుంది. పొడవు చాలకపోతే రెండు పొట్టి పెట్టెలను ఒకదానిలోకి ఒకటి దూర్చండి. కనీసం ఒక అడుగు మేర ఒకదానిపై ఒకటి ఉండాలి.

7. కట్టే ముందు అలుగును మెత్తటి పొడిగుడ్డతో తుడవండి. చేతి చెమటలోని ఉప్పు ఇనుముకు తుప్పు పట్టిస్తుంది కనుక, తుడిచాక మళ్లీ వేళ్లతో ముట్టుకోవద్దు. కుట్టుమిషను నూనె రెండు చుక్కలు గుడ్డకు రాసి పలుచగా పట్టించండి. కొబ్బరినూనె, నువ్వులనూనె వాడితే కొన్నాళ్లకు జిగురుగా మారతాయి. తోలు ఒర తేమ పీల్చుకుంటుంది. దూరం పంపేటప్పుడు అలుగును విడిగా కాగితంలో చుట్టి, ఒరను పక్కన పెట్టడం మంచిది.

8. మొనే అసలు ప్రమాదం. మొద్దు కత్తయినా పార్సిల్ నిలువుగా కింద పడితే దాని బరువంతా మొన మీదే పడి అట్టను చీల్చుకుని బయటికి వస్తుంది. థర్మోకోల్ దాన్ని ఆపలేదు. దళసరి అట్టను నాలుగైదు మడతలు వేసి మొనకు తొడిగి టేపు చుట్టండి. పెట్టె ఆ చివర లోపలి వైపు చిన్న ప్లైవుడ్ ముక్క నిలబెట్టండి. ఒరలో ఉన్న కత్తయితే, పిడినీ ఒరనూ నూలు నాడాతో కలిపి కట్టండి, జారి బయటికి రాకుండా.

9. కత్తిని నేరుగా పెట్టెలో పడేయకండి. పెట్టె అడుగుకు సరిపడే అట్ట పలక కోసి, కత్తిని దాని మీద ఉంచి, పిడి దగ్గర, నడుమ, మొన దగ్గర మూడు చోట్ల చిల్లులు పొడిచి నాడాతో గానీ ప్లాస్టిక్ జిప్ టైలతో గానీ బిగించండి. బరువు పిడి వైపే ఎక్కువ కాబట్టి అక్కడ రెండు కట్లు వేయండి. ఈ ఒక్క పని సరిగ్గా చేస్తే బబుల్ ర్యాప్ ఖర్చు సగం తగ్గుతుంది.

10. మిగిలిన ఖాళీల్లో అట్ట ముక్కలు, గట్టిగా ఉండ చుట్టిన కాగితం కుక్కండి. థర్మోకోల్ గింజలు పోస్తే దారిలో అన్నీ ఒకవైపుకు చేరి బరువైన పిడి అడుగుకు దిగిపోతుంది. మూత పెట్టి, టేపు వేయకముందే పెట్టెను అటూ ఇటూ ఊపండి. చిన్న చప్పుడు వచ్చినా విప్పి మళ్లీ సర్దండి. వానాకాలమైతే సిలికా జెల్ పొట్లాలు లోపల వేసి, పెట్టె మొత్తానికి ప్లాస్టిక్ కవరు తొడగండి.

11. పార్సిల్ రుసుము బరువును బట్టే కాదు, పెట్టె పరిమాణాన్ని బట్టి కూడా ఉంటుంది. చాలా కొరియర్ సంస్థలు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5,000తో భాగిస్తాయి. 110 × 20 × 12 పెట్టె 5.28 కిలోల లెక్కకు వస్తుంది. అదే 110 × 15 × 10 అయితే 3.3 కిలోలు. లోపల కత్తి కిలోన్నరే అయినా రెంటిలో ఎక్కువైన లెక్కకే డబ్బు కట్టాలి. దగ్గరి ఊళ్లకైతే ఆర్టీసీ కార్గోలో కూడా అడిగి చూడండి.

12. ఏ సంస్థ ద్వారా పంపినా, కత్తి తీసుకుంటారో లేదో ముందే అడిగి, కాగితాల్లో ఉన్నది ఉన్నట్టు రాయండి. ‘బొమ్మలు’ అని రాసి పంపితే స్కానింగ్‌లో బయటపడుతుంది, సరుకు అక్కడే ఆగిపోతుంది. విదేశానికైతే కస్టమ్స్ పట్టికలో ఖడ్గాలది 9307వ శీర్షిక. చేరే దేశం చట్టం కూడా చూసుకోవాలి. బ్రిటన్‌లో 50 సెంటీమీటర్లు, అంతకు మించిన అలుగున్న వంపు కత్తులపై 2008 నుంచి, కొన్ని మినహాయింపులతో, నిషేధం ఉంది. తాతల నాటి కత్తి నూరేళ్లు దాటినదైతే అసలు పంపవద్దు. 1972 నాటి పురావస్తు చట్టం ప్రకారం అలాంటివి ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించకూడదు.

13. మూసే ముందు నాలుగు వైపుల నుంచీ ఫొటోలు తీసుకోండి. నష్టపరిహారం అడగాల్సి వస్తే అవే ఆధారం. చిరునామా ఒక కాపీ లోపల కూడా వేయండి. బయట ఏ చివర మొన ఉందో బాణం గుర్తు వేసి, ‘ఇటు వైపు నుంచి విప్పండి’ అని పిడి వైపు రాయండి. చేతికి బ్లేడు దొరికిందే చాలని మొన వైపు కోసేవారే ఎక్కువ.

పెట్టె ఏ కొట్టులో దొరికిందన్నది కొన్నవారు చూడరు. కత్తి కదలకుండా, తుప్పు పట్టకుండా వచ్చిందా అన్నదే చూస్తారు. దారి పొడవునా ఆ పెట్టెను ఎత్తి దించే కూలీలకు, గడప దాకా తెచ్చే కుర్రాడికి లోపల ఏముందో తెలియదు. వాళ్ల చేతులకు గీటు పడకుండా కట్టండి, మీ సరుకూ దానంతట అదే క్షేమంగా చేరుతుంది.