పండు ఈగల నిర్మూలనలో జన్యుశాస్త్రము

పైకి నిగనిగలాడుతున్న మామిడిపండును కోయగానే లోపల తెల్లని పురుగులు కదలుట మనలో చాలామంది చూచినదే. ఆడ పండు ఈగ కాయ తొక్కను పొడిచి లోపల గుడ్లు పెడుతుంది. పురుగులు గుజ్జులోనే పెరుగుతాయి కనుక పైన చల్లిన మందు వాటిని చేరదు. మన మామిడిని పట్టి పీడించే వాటిలో ముఖ్యమైనది బాక్ట్రోసెరా డోర్సాలిస్ అను జాతి. నారింజ, పీచ్, కాఫీ కాయలను పాడుచేసే మధ్యధరా పండు ఈగ దీనికి దాయాది. జన్యుశాస్త్రము పెద్దయెత్తున ఫలించినది ఈ రెండవ ఈగ విషయములో కనుక ముందుగా దానినే పరిశీలింతము.

కీటకమును కీటకముతోనే అణచవచ్చునని అమెరికా శాస్త్రజ్ఞుడు ఎడ్వర్డ్ నిప్లింగ్ ఊహించాడు. రేడియేషన్‌తో వంధ్యములైన మగ ఈగలను లెక్కకు మించి వదలినచో, వాటితో జతకట్టిన ఆడ ఈగల గుడ్లు పొదగవు. 1954లో కురసావో ద్వీపములో, పశువుల పుండ్లలో పెరిగే స్క్రూవర్మ్ ఈగను ఈ విధముగానే నిర్మూలించారు. 1982లో మెక్సికో మధ్యధరా ఈగను తొలగించుకొనుటలోనూ ఈ పద్ధతికి ప్రధాన పాత్ర ఉన్నది.

ఇక్కడ ఒక చిక్కు ఉన్నది. కర్మాగారములో పెంచిన ఈగలలో సగము ఆడవి. అవి మేత తింటాయి; తోటలో వదలిన పిదప గుడ్లు పొదగకపోయినా కాయలను పొడవక మానవు. రైతుకు ఆ గాటు గాటే. పైగా వంధ్య మగ ఈగలు అడవి ఆడ ఈగలను వెదకక, తమతో వచ్చిన వాటితోనే జతకడతాయి. కోట్లకొలది ఈగలను చేతితో వేరుచేయుట అసాధ్యము గదా!

ఉపాయము మెండెల్ సూత్రములలోనే దొరికినది. ఈ ఈగ ప్యూపా సహజముగా గోధుమ రంగు. ఒక అంతర్గత ఉత్పరివర్తన జన్యువు తల్లిదండ్రులిద్దరినుండి వస్తేనే అది తెల్లనవుతుంది. శాస్త్రజ్ఞులు రేడియేషన్‌తో ఐదవ క్రోమోసోమును తెంచి, మామూలు జన్యువున్న ముక్కను వై క్రోమోసోముకు అతికించారు. వై మగవానికే ఉండును గనుక మగ ప్యూపాలన్నీ గోధుమ రంగు, ఆడవన్నీ తెలుపు. గింజలను రంగునుబట్టి ఏరే యంత్రము వాటిని వేరుచేయగలదు.

అయినను ప్యూపా దశకు ఆడపురుగు తినవలసిన మేత తినివేసే ఉంటుంది. అందుచేత అదే క్రోమోసోముపై వేడికి తట్టుకోలేని మరొక ఉత్పరివర్తనమును చేర్చారు. గుడ్లను 34 డిగ్రీల సెంటీగ్రేడు వద్ద ఒక దినము ఉంచితే ఆడ పిండములు నశించి మగవి మిగులుతాయి. వియన్నా సమీపమున సీబర్స్‌డార్ఫ్ ప్రయోగశాలలో రూపొందిన ఈ వంశములకు ఆ నగరము పేరే పెట్టారు. గ్వాటిమాలా కాఫీ తోటలలో మగవాటినే వదలినపుడు, రెండింటినీ కలిపి వదలినప్పటికంటె ఫలితము అనేక రెట్లు మెరుగైనది.

అతుకు శాశ్వతము కాదని గమనింపవలెను. అరుదుగా క్రోమోసోముల నడుమ ముక్కలు మారి, వేడిని తట్టుకొనే ఆడ ఈగలు పుడతాయి. వాటిని ఉపేక్షిస్తే వంశమంతా చెడుతుంది. కాబట్టి చిన్న మూలసమూహమును విడిగా ఉంచి, రంగు తప్పిన ఈగలను తరతరమునా ఏరివేస్తారు. మా దృష్టిలో ఈ ఓపికైన పని కొత్త ఆవిష్కరణకేమీ తీసిపోదు.

మధ్యధరా ఈగలోను, మన మామిడి ఈగలోను ప్యూపాను తెల్లబరచేది ఒకే జన్యువని 2021లో తేలినది. మామిడి ఈగలో రంగుతో ఆడమగలను వేరుచేసే సలాయా అను వంశమును థాయిలాండులో అంతకుముందే సృష్టించారు. కాని గుడ్డు దశలోనే ఆడవాటిని తొలగించే వేడి ఉపాయము ఆ వంశములో లేదు. ఆడపురుగుల మేత ఖర్చు అక్కడ తప్పదు.