గీజరు మార్చే ముందు

హైదరాబాదు,
కార్తీక సోమవారం

చిన్నా,

గూడూరు ఇంట్లో గీజరు సరిగ్గా కాగడం లేదనీ, మెకానిక్కు వచ్చి మూత కూడా విప్పకుండా "పాతదైపోయింది, కొత్తది కొనుక్కోండి" అని వెళ్ళిపోయాడనీ రాశావు. కొనొద్దు. ఈ ఉత్తరం పూర్తిగా చదివేదాకా అయినా కొనొద్దు. ఆ ఇంట్లో ఏ తీగ ఎక్కణ్ణించి ఎక్కడికి పోతుందో మీ పెదనాన్నకంటే నాకే బాగా తెలుసు. పైగా నేను ఇన్నేళ్ళూ పిల్లలకు చెప్పిందీ ఫిజిక్సే. గీజరు మీద వేసే నిందల్లో చాలావరకు దానివి కావు. కరెంటువో, నీళ్ళవో, కుళాయివో అయి ఉంటాయి.

"సరిగ్గా కాగడం లేదు" అంటే నాకేం అర్థం కావాలి? అసలు కాగడం లేదా, ఆలస్యంగా కాగుతోందా, లోపల బాగానే కాగి కుళాయిలోకి వచ్చేసరికి గోరువెచ్చగా అవుతోందా? ఈ మూడింటికీ కారణాలు వేరు.

నాకు మూడోదాని మీదే అనుమానం. ఆ బాత్రూములో వేణ్ణీళ్ళూ చన్నీళ్ళూ కలిపే మిక్సరు ఉంది కదా, దాని లోపలి వాషరు అరిగితే చన్నీళ్ళు దొంగదారిన వేణ్ణీళ్ళ వైపు వచ్చి కలుస్తాయి. తెలుసుకోవడం ఎంత సులువో చూడు. గీజరు స్విచ్చు ఆపు. కింద గీజరులోకి నీళ్ళు పోయే యాంగిల్ కాకు బిగించి కట్టెయ్. ఇప్పుడు మిక్సరులో వేడి వైపు కుళాయి మాత్రం తిప్పు. గీజరులోకి నీళ్ళు పోనప్పుడు దాంట్లోంచి నీళ్ళు రాకూడదు, కాసేపు కారి ఆగిపోవాలి. ఆగకుండా ధార కడుతోందంటే ఆ నీళ్ళు చన్నీళ్ళ గొట్టంలోంచి వస్తున్నాయన్నమాట. ప్లంబరును పిలిచి మిక్సరు బాగు చేయించు, గీజరు జోలికి పోవద్దు. ఈమధ్య పైపులు విప్పి బిగించి ఉంటే ఇంకోటి కూడా చూడు. చన్నీళ్ళ పైపు నీలం గుర్తున్న చోటా, వేణ్ణీళ్ళది ఎర్ర గుర్తున్న చోటా ఉండాలి. తారుమారైతే రెండు చెంబులు వేడిగా వచ్చి తర్వాత చల్లబడిపోతాయి.

ఆలస్యంగా కాగుతోందంటావా, లెక్క చూద్దాం. మనది 15 లీటర్లు, 2000 వాట్లు. ఈ రోజుల్లో ట్యాంకు నీళ్ళు 27 డిగ్రీలు ఉన్నాయనుకో. 60కి రావాలంటే 17 నిమిషాలు, ఖర్చు ఇంచుమించు అర యూనిట్టు. బయటికి పోయే వేడి ఉంటుంది కాబట్టి 20 నిమిషాలు వేసుకో. గడియారం చూసి స్విచ్చు వెయ్, లైటు ఆరిపోయేదాకా ఎంతసేపు పట్టిందో రాసుకో. అరగంట పట్టిందంటే ముందు ఓల్టేజీ చూడు. ఓల్టేజీ తగ్గినంతే వేడీ తగ్గుతుందనుకుంటారు అందరూ. కాదు, వర్గం చొప్పున తగ్గుతుంది. 230 ఉండాల్సింది 180కి పడితే మన 2000 వాట్ల గీజరు 1225 వాట్లదవుతుంది. 17 నిమిషాల పని 28 నిమిషాలకు సాగుతుంది. దీనికి స్టెబిలైజరు కొనమని ఎవరైనా చెబితే వినకు. ఇంకో పది నిమిషాలు ఆగి స్నానం చెయ్, డబ్బు మిగులుతుంది.

అసలే కాగకపోతే లైటు వెలుగుతోందో లేదో చూడు. వెలక్కపోతే ఎంసీబీ పడిందేమో, సాకెట్లో కరెంటు ఉందో లేదో చూసుకో. వెలుగుతున్నా కాగడం లేదంటే, వేడి మితిమీరితే కరెంటు ఆపేసే కటౌటు పడి ఉండొచ్చు, లేదా కాయిలు తెగి ఉండొచ్చు. ట్యాంకులో నీళ్ళు లేనప్పుడు స్విచ్చు వేసినా కటౌటు పడుతుంది. మెయిన్ ఆపి, మూత విప్పి, దాని చిన్న బొత్తాం ఒక్కసారి నొక్కి చూడు. మళ్ళీ పడిందంటే థర్మోస్టాట్ పాడైంది, అది మార్పించు. పడ్డప్పుడల్లా బొత్తాం నొక్కుకుంటూ కూర్చోకు. కాయిలు సంగతి మల్టీమీటరు చెబుతుంది. కరెంటు లేనప్పుడు, దాని వైర్లు తీసేసి రెండు కొసల మధ్య పెడితే 26 ఓములు చూపించాలి. 230ని 230తో హెచ్చవేసి 2000తో భాగించు, అదే వస్తుంది. ఏమీ చూపించకపోతే తెగింది. తెగినా గీజరు మార్చక్కర్లేదు, కాయిలొక్కటి వేయిస్తే చాలు.

మన బోరు నీళ్ళు నీకు తెలియనివి కావు. సబ్బు నురగ రాదు, కుళాయి మూతి చుట్టూ తెల్లగా పేరుకుంటుంది. గీజరు లోపలా అంతే. ఓసారి కాయిలు బయటికి తీయించినప్పుడు చూశాను, బూడిద రంగు పెచ్చులు వేలు మందాన కట్టి, గోటితో గీకితే పలకలు పలకలుగా ఊడొచ్చాయి. ఓ పెచ్చు గిన్నెలో వేసి నిమ్మకాయ పిండాను. బుసబుసమని పొంగింది. అందులో ఉండేది చాలావరకు సున్నపురాయే, పులుపు తగిలితే కరిగిపోతుంది. మన ఊళ్ళో నిమ్మకాయలకు కొదవా? మార్కెట్లో రేటు పడిపోయిన రోజున ఓ సంచెడు తెచ్చి రసం తీసి, కాయిలు కొసలు తడవకుండా రాత్రంతా నానబెట్టించు, లేదా కిరాణా కొట్లో నిమ్మఉప్పు తెచ్చుకో. బాత్రూములు కడిగే యాసిడ్ మాత్రం పోయనివ్వకు, అది సున్నంతో పాటు లోహాన్నీ తినేస్తుంది. తిరిగి బిగించేటప్పుడు వాషరు కొత్తది వేయించు.

పెచ్చు కట్టడం వల్లే ఆలస్యంగా కాగుతుందని మెకానిక్కులు అంటారు. నేనంతగా ఒప్పుకోను. పుట్టిన వేడి ఎక్కడికి పోతుంది, నీళ్ళలోకే కదా. కాకపోతే పైన పెచ్చుండటంతో లోపలి తీగ మామూలుకంటే ఎక్కువ కాలి తొందరగా తెగుతుంది. అసలు నష్టం అది.

తీగంటే గుర్తొచ్చింది. పాత ఇస్త్రీ పెట్టెల్లో నిక్రోమ్ తీగను మైకా రేకు మీద చుట్టేవాళ్ళు. మైకా వేడికి తట్టుకుంటుంది, కరెంటును దాటనివ్వదు. మన సైదాపురం గనుల మైకా ఆ పనికి దేశదేశాలకు వెళ్ళింది. గీజరు కాయిలులో మైకా ఉండదు, గొట్టంలో మెగ్నీషియం ఆక్సైడు పొడి కూరి ఉంటుంది. గొట్టం చిట్లితే ఆ పొడికి తేమ పట్టి కరెంటు బయటికి లీకవుతుంది.

కుళ్ళిన గుడ్డు వాసన వస్తోందని కూడా రాశావు. సంక్రాంతి దాటాక మన ఊళ్ళో గీజరు ఎవరికి కావాలి? మళ్ళీ కార్తీకం దాకా నీళ్ళు లోపలే నిలవ ఉంటే వాసన రాక ఏం చేస్తుంది? ఒకసారి ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి నింపి, గంటసేపు బాగా కాగనిచ్చి ఆ నీళ్ళు పారబోయ్. అలాగే లోపలుండే మెగ్నీషియం కడ్డీ చూపించు. ట్యాంకు తుప్పు పట్టకుండా దాని బదులు తాను కరిగిపోవడమే ఆ కడ్డీ పని. 1824లో హంఫ్రీ డేవీ ఓడల అడుగు రాగిరేకులకు చెప్పిన ఉపాయమే ఇది. కడ్డీ సన్నబడి లోపలి ఇనుప ఊచ కనిపిస్తుంటే మార్పించు. ఇన్నేళ్ళకోసారి మారిస్తే చాలని కంపెనీ పుస్తకంలో ఉంటుంది కానీ, మన నీళ్ళు ఆ పుస్తకం చదవలేదు.

సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు కారుతున్నాయని కంగారు పడకు. 15 లీటర్లు 60 డిగ్రీలకు కాగితే గ్లాసెడు నీళ్ళు ఎక్కువవుతాయి, అవి ఎటోకటు పోవాలి కదా. గీజరు ఆపినా కారుతూనే ఉంటే వాల్వు మార్పించు. అంతేగాని దానికి బిరడా కొట్టకు, గుడ్డపేలిక కుక్కకు. ట్యాంకు పగిలేది అలాంటప్పుడే.

నీళ్ళు ముట్టుకుంటే జిల్లుమంటోందని రెండో మెసేజీలో ఏదో మామూలు సంగతిలాగా రాశావు! మొదట రాయాల్సింది అది. ఇప్పుడే లేచి ప్లగ్గు పీకెయ్. స్విచ్చు ఆపితే చాలదు. కాయిలు గొట్టం చిట్లి ఉండాలి, ఎర్తింగూ సరిగ్గా ఉండి ఉండదు. పెరట్లో కొబ్బరిచెట్టు పక్కన ఎర్తు గుంట ఉంది, వేసవిలో ఎండిపోయి ఉంటుంది, రెండు బకెట్లు నీళ్ళు పోయించు. వైరు తుప్పు పట్టి తెగిందేమో ఎలక్ట్రీషియనుతో చూపించు. ఎంసీబీ వైరును కాపాడుతుంది గానీ మనిషిని కాపాడదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించు, ఖర్చని వెనకాడకు. ప్లగ్గు 16 ఆంపియర్లదే ఉండాలి. రెండు వేల వాట్లంటే దాదాపు 9 ఆంపియర్లు, సన్న పిన్నుల ప్లగ్గుకు అది మోయలేని బరువు, కరిగిపోతుంది.

ఇవన్నీ చూశాక కూడా ట్యాంకే చిల్లు పడి కారుతోందనుకో, అప్పుడు కొను. ఐఎస్ఐ మార్కుందో లేదో చూసుకో. లోపల గాజు పూత ఉన్న ట్యాంకు తీసుకో, మన నీళ్ళకు అదే ఆగుతుంది. గ్యాసు గీజరు మాత్రం ఆ కిటికీ లేని బాత్రూములో పెట్టడానికి వీల్లేదు.

ఎలక్ట్రీషియను వచ్చి వెళ్ళేదాకా పొయ్యి మీద కాచుకుని పోసుకో. బకెట్లో వేసే రాడ్డు కొనకు. మల్టీమీటరు రీడింగు ఎంత వచ్చిందో, యాంగిల్ కాకు కట్టినప్పుడు నీళ్ళు ఆగాయో లేదో ఆదివారానికల్లా రాసి పంపు. మెకానిక్కుతో నేనే ఫోన్లో మాట్లాడతాను.

మీ పెద్దమ్మ