నూనె పోయలేని చోట లోహం ఎలా అరుగుతుంది?

వార్షికోత్సవ సంచికకు ఒక సైన్సు పాఠం రాయమని అడిగారు. మెకానికల్ ఇంజనీరింగ్ చదివేటప్పుడు నేను దెబ్బతిని నేర్చుకున్న పాఠం ఒకటి రాస్తున్నాను. పదో తరగతి లెక్కలు వస్తే చాలు, అర్థమవుతుంది.

మన గేటు బందులు కిర్రుమంటే వాచ్‌మన్ నాలుగు చుక్కల నూనె పోసేవాడు. కానీ బాగా వేడిగా ఉన్న చోట నూనె నిలవదు, మాడిపోతుంది. బ్రిటన్‌లో 1976 నుంచి 2022 వరకు నడిచిన హింక్లీ పాయింట్ బి అణువిద్యుత్ కేంద్రాన్నే తీసుకోండి. అక్కడ రియాక్టరును చల్లబరిచే కార్బన్ డయాక్సైడ్ వాయువు 600 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడితో బయటికి వచ్చేది. అలాంటి చోట రాసుకునే లోహభాగాలు ఎన్నేళ్లు మన్నుతాయో ముందే లెక్క కట్టాలి. లెక్క తప్పితే నష్టం చిన్నది కాదు.

ఆర్చర్డ్ సూత్రం

లోహం పైకి నున్నగా కనిపించినా సూక్ష్మదర్శినిలో చూస్తే గుట్టలు, లోయలు ఉంటాయి. రెండు లోహాలను ఒకదానిపై ఒకటి పెడితే గుట్టల కొనలు మాత్రమే తగులుతాయి. జరిపినప్పుడు కొన్ని కొనలు అతుక్కుని తెగిపోతాయి. అదే అరుగుదల. దీనికి 1953లో ఆర్చర్డ్ అనే శాస్త్రవేత్త ఒక సూత్రం ఇచ్చాడు.

అరిగిన ఘనపరిమాణం = కె × బలం × దూరం ÷ కాఠిన్యం

అంటే అరుగుదల నొక్కే బలానికి, జరిగిన దూరానికి అనులోమానుపాతంలో, లోహం కాఠిన్యానికి విలోమానుపాతంలో ఉంటుంది. 'కె' అనేది ప్రయోగం చేసి కనుక్కోవలసిన సంఖ్య.

ఉదాహరణ: బలం 50 న్యూటన్లు, దూరం 1000 మీటర్లు (10,00,000 మి.మీ.), కాఠిన్యం చదరపు మిల్లీమీటరుకు 2000 న్యూటన్లు, కె విలువ 10,000లో ఒక వంతు అనుకుందాం. అప్పుడు అరిగేది 2.5 ఘనపు మిల్లీమీటర్లు.

నేను చేసిన పొరపాటు

వేడెక్కితే లోహం మెత్తబడుతుంది, అంటే కాఠిన్యం తగ్గుతుంది. అది సగమైతే పై లెక్కలో అరుగుదల రెట్టింపై 5 ఘనపు మిల్లీమీటర్లు కావాలి. ఈ నమ్మకంతోనే నేను ల్యాబ్‌కు వెళ్లాను. క్రోమియం కలిసిన ఉక్కు పిన్నును, తిరుగుతున్న అదే ఉక్కు బిళ్లపై నూనె లేకుండా నొక్కి పెట్టి, ముందూ వెనకా పిన్ను బరువు తూచడం ప్రయోగం. 500 డిగ్రీల దగ్గర అరుగుదల పెరగలేదు సరికదా, గది వేడిలో కన్నా బాగా తగ్గింది.

నేనే ఎక్కడో తప్పు చేశాననుకున్నాను. హాస్టల్ నుంచి వచ్చినవాడికి ల్యాబ్ పని రాదంటారేమోనని భయం వేసింది. ఆ అంకెలు కొట్టేసి సూత్రానికి సరిపోయే అంకెలు రాయబోయాను. మా సారు రికార్డు పక్కన పెట్టి, "ముందు పిన్ను చూడు" అన్నారు. రాసుకున్న చోట నల్లగా, గాజులా మెరుస్తున్న పొర ఉంది.

ఆ పొర ఏమిటి?

వేడి ఇనుముకు గాలిలోని ఆక్సిజన్ తగిలితే ఆక్సైడ్ ఏర్పడుతుంది. తుప్పు లోహాన్ని తినేస్తుందని మనం చదువుకున్నాం. కానీ ఇక్కడ రాపిడిలో రాలిన ఆక్సైడ్ పొడి ఆ వేడికి, ఒత్తిడికి గట్టిపడి పొరగా అతుక్కుంటుంది. లోహానికి లోహం తగలకుండా అడ్డుపడుతుంది. దీన్ని గ్లేజ్ పొర అంటారు. మాంచెస్టర్‌లో స్టాట్, ఆయన సహచరులు దీనిపై ఏళ్ల తరబడి పరిశోధన చేశారు.

కాబట్టి ఆర్చర్డ్ సూత్రం తప్పు కాదు. కె ఎప్పటికీ మారదనుకోవడమే నా తప్పు. పొర ఏర్పడ్డాక కె 10 లక్షలలో ఒక వంతుకు పడిపోయిందనుకుందాం. కాఠిన్యం సగమైనా అరిగేది 0.05 ఘనపు మిల్లీమీటర్లే.

కె ఎందుకు మారుతుందో లెక్కలోకి తెచ్చినవాడు క్విన్. 1960ల నుంచి ఆయన వివరించిన పద్ధతి ఇది: కొనల మీద ఆక్సైడ్ పెరుగుతుంది, ఒక హద్దు మందం చేరగానే విరిగి రాలుతుంది, మళ్లీ పెరుగుతుంది. అలా రాలినదే అరుగుదల. ఆక్సైడ్ మందం వర్గం కాలానికి అనులోమానుపాతంలో ఉంటుంది. అంటే మందం రెట్టింపు కావాలంటే నాలుగింతల కాలం పట్టాలి. వేడి పెరిగేకొద్దీ ఈ పెరుగుదల చాలా వేగవంతమవుతుంది. అందుకే వేడి మరీ ఎక్కువైతే కాపాడే ఆక్సైడే నష్టం కూడా చేయగలదు.

ఏ బలం దగ్గర, ఏ వేగం దగ్గర ఉక్కు ఏ రకంగా అరుగుతుందో చూపే పటాన్ని 1987లో లిమ్, ఆష్బీ ప్రచురించారు. ముందు మనం ఆ పటంలో ఎక్కడున్నామో చూసుకుని, తరువాతే సూత్రంలో అంకెలు వేయాలి.

తమ్ముళ్లూ, మీ ప్రయోగం పుస్తకానికి సరిపోకపోతే మళ్లీ చేయండి. మళ్లీ అదే వస్తే ధైర్యంగా అదే రాయండి. సారును అడగడానికి సిగ్గుపడకండి. ఆ రోజు నేను అంకెలు మార్చి ఉంటే నాకు మార్కులు వచ్చేవేమో గానీ ఈ పాఠం వచ్చేది కాదు.

ప్రయత్నించండి: మొదటి ఉదాహరణలో బలం 100 న్యూటన్లు, దూరం 500 మీటర్లు అయితే ఎంత అరుగుతుంది? (జవాబు: 2.5 ఘనపు మిల్లీమీటర్లు. ఎందుకు మారలేదో ఆలోచించండి.)

— ఒక పూర్వ విద్యార్థి