పరిణామ పాఠం చెప్పబోతున్న అమ్మలుకు

అమ్మలూ,

సైన్స్ డేకి మీ బళ్లో వక్తృత్వపు పోటీ పెడుతున్నారనీ, ‘మనిషిని దేవుడు సృష్టించాడా, కోతి నుంచి వచ్చాడా’ అన్నది అంశమనీ, ఒక పక్షం పిల్లలకు నిన్నే తర్ఫీదు ఇమ్మన్నారనీ మీ అమ్మ చెప్పింది. నీకు చాలా ఉత్సాహంగా ఉందట. నాకు మాత్రం బెంగగా ఉంది. ఫోన్లో చెబితే సగం మాటలు గాలికి పోతాయని కూర్చుని రాస్తున్నాను. ఆ పోటీ వద్దని హెడ్మాస్టరు గారికి చెప్పు. ఆయన మరీ పట్టుబడితే అంశమైనా మార్పించు.

అంశంలోనే తప్పుంది కదా. ఇప్పుడు చెట్ల మీద తిరిగే కోతి మనిషిగా మారిందని డార్విన్ ఎక్కడా అనలేదు. ఆయన తర్వాత వచ్చిన జీవశాస్త్రవేత్తలూ అనలేదు. చింపాంజీకీ మనకూ ఉమ్మడి పూర్వీకులు ఉన్నారు, ఆ రెండు శాఖలూ సుమారు 60-70 లక్షల ఏళ్ల కిందట విడిపోయాయి అన్నది సైన్స్ మాట. కోతి మనిషి కావడం మన పూర్వీకులెవరూ చూడలేదని 2018లో ఒక కేంద్ర సహాయమంత్రి అన్నప్పుడు దేశంలోని మూడు సైన్స్ అకాడమీలూ కలిసి దాన్ని ఖండించాయి. తప్పుడు ప్రశ్నకు నువ్వు ఒక పక్క నిలబడి ఎంత బాగా వాదించినా పిల్లల మనసులో మిగిలేది ఆ తప్పుడు ప్రశ్నే.

పైగా వేదిక మీద గెలిచేది గొంతు. ఐదు నిమిషాల్లో పది సందేహాలు విసరవచ్చు. వాటిలో ఒక్కదానికి సరిగా సమాధానం చెప్పాలన్నా ఒక పీరియడ్ పడుతుంది. చప్పట్లు లెక్కపెట్టి తేల్చే విషయం కాదిది. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది వేరు. ఆదివారం చర్చికి వెళ్లే పిల్ల, శుక్రవారం తాతతో మసీదుకు వెళ్లే పిల్లవాడు, అయ్యప్ప మాల వేసుకుని నల్లబట్టలతో బడికొచ్చే పిల్లవాడు అందరూ నీ క్లాసులో పక్కపక్కనే కూర్చుంటారు. సైన్స్ కావాలంటే ఇంట్లో నమ్మేది వదులుకోవాలని వాళ్లకు అనిపించిందనుకో, వాళ్లు ఇంటి వైపే ఉంటారు. వాళ్లను తప్పుపట్టలేం. అన్నం పెట్టేదీ, జ్వరమొస్తే పక్కన కూర్చునేదీ ఆ ఇల్లే. ఆ పిల్లలకు మళ్లీ బయాలజీ దగ్గర కాదు.

అలాగని పాఠాన్ని పలచన చెయ్యమని నేను అనడం లేదు. గట్టిగానే చెప్పు. కానీ మీ ఊరి చేలోంచి మొదలుపెట్టు. పల్నాడులో పనిచేస్తున్నావు, క్లాసులో చాలామంది ఇళ్లలో పత్తి వేస్తారు. పరిణామం చూపించడానికి గాలపాగస్ దీవుల దాకా వెళ్లనక్కర్లేదు.

1980ల మొదట్లో సింథటిక్ పైరిథ్రాయిడ్ పురుగుమందులు వచ్చాయి. కొత్తలో వాటి దెబ్బకు చేను శుభ్రపడేది. 1987-88 సీజను వచ్చేసరికి గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో శనగపచ్చ పురుగు ఆ మందులకు చావడం మానేసింది. ఒక మందుకు ఇంకో మందు కలిపి పదే పదే కొట్టారు. పురుగు కాయల్లోనే ఉంది. పంట పోయి, మందుల అప్పు మిగిలి, ఆ ఏడు రైతులు ప్రాణాలు తీసుకున్నారు. నీ పిల్లల తాతలను అడిగితే ఆ ఏడాది సంగతి చెబుతారు. అడగమను. అదే హోంవర్క్.

పురుగు మందుకు అలవాటు పడిందని తాతలు చెబుతారు, పిల్లలు అదే రాసుకొస్తారు. అక్కడ నెమ్మదిగా ఒక ప్రశ్న వెయ్యి. మందు తగిలిన పురుగు చచ్చిపోయింది కదా, చచ్చిన పురుగు ఎలా అలవాటు పడుతుంది? క్లాసు నిశ్శబ్దమవుతుంది. కాసేపు అలాగే ఉండనివ్వు. అప్పుడు చెప్పు: మందు కొట్టకముందే ఎన్నో వేల పురుగుల్లో ఏ కొన్నింటికో పుట్టుకతోనే ఆ మందును తట్టుకునే గుణం ఉంది. మందు మిగతావాటిని తుడిచేసింది. ఆ తర్వాత చేనంతా ఈ కొన్నింటి సంతానానిదే. ఒకే జాతిలో తేడాలు ఉండటం, ఆ తేడాలు పిల్లలకు అందడం, ఆ తేడాల వల్ల కొన్ని ఎక్కువ సంతానాన్ని మిగల్చడం. ఈ మూడూ ఉన్నచోట తరం తర్వాత తరం జాతి మారుతుంది. 1859లో డార్విన్ పుస్తకం రాసి చెప్పిన ప్రకృతివరణం ఇదే. పొలంలో మందు కొట్టిన మనిషి తెలియకుండానే దాన్ని జరిపించాడు, అంతే తేడా.

తర్వాత, పురుగును చంపే విషాన్ని మొక్కే తయారుచేసుకునే బీటీ పత్తి సంగతి చెప్పు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చింది, 2006లో రెండు జన్యువులున్న రకం వచ్చింది. 450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్‌తో పాటు 120 గ్రాముల నాన్-బీటీ ప్యాకెట్ ఒకటి ఇచ్చేవారు. చేను చుట్టూ కనీసం ఐదు వరసలు, లేదా మొత్తంలో 20 శాతం, ఏది ఎక్కువైతే అంత మేర ఆ విత్తనం వెయ్యాలని అప్పట్లో నిబంధన. ఎంతమంది వేశారు? పురుగు తినిపోవడానికి చేతులారా పంట వెయ్యమంటే ఏ రైతు వేస్తాడు! ఎందుకు వెయ్యాలో ఆయనకు అర్థమయ్యేలా చెప్పినవాళ్లూ తక్కువే. ఆ వరసల్లో బీటీ విషం తగలని మామూలు పురుగులు బతుకుతాయి. బీటీని తట్టుకున్న పురుగు ఎక్కడైనా ఒకటి మిగిలితే, దానికి జత దొరికేది ఈ మామూలు పురుగుల్లోంచే. అలా పుట్టిన పిల్లల్లో తట్టుకునే జన్యువు ఒక్క పాలే ఉంటుంది కాబట్టి అవి చాలావరకు బీటీ మొక్క తిని చస్తాయి. తట్టుకునే గుణం చేలో పాకడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆ గడువు కోసమే ఆ చిన్న ప్యాకెట్. అది గట్టు మీదే ఉండిపోయింది. పంటను వేసవి దాకా చేలో ఉంచడం లాంటి కారణాలూ కలిశాయి. గుజరాత్, మహారాష్ట్ర, తెలంగాణ, ఆంధ్రల్లో గులాబీ రంగు పురుగు రెండు జన్యువులనూ తట్టుకుని మళ్లీ కాయల్లోకి వచ్చింది. పరిణామం అర్థమైన రైతు ఆ ప్యాకెట్‌ను పారెయ్యడని నా గట్టి నమ్మకం. ఈ పాఠాన్ని పరీక్ష కోసం చెప్పే పాఠాల్లో కలిపెయ్యకూడదని నేను పట్టుబట్టేది అందుకే.

ఇంతసేపు చెప్పినదాంట్లో దేవుడున్నాడనీ అనలేదు, లేడనీ అనలేదు చూడు. ఏ ఇంటి పిల్లయినా వెళ్లి తండ్రికి చెప్పగలదు, తండ్రి వింటాడు కూడా.

మనిషి దగ్గరికి వచ్చేసరికి కొందరు టీచర్లు గబగబా పేజీ తిప్పేస్తారు. నువ్వు తిప్పొద్దు. చింపాంజీకి 24 జతల క్రోమోజోములు, మనకు 23. ఉమ్మడి పూర్వీకులుంటే ఆ జత ఏమైంది అని అడగడం న్యాయమైన ప్రశ్న. మన రెండో క్రోమోజోములో దానికి జవాబు దొరికింది. క్రోమోజోముల కొసల్లో ఉండాల్సిన డీఎన్ఏ వరస దాని మధ్యలో ఎదురెదురుగా కనిపిస్తుంది. రెండు చీరలను అంచుకు అంచు కలిపి కుట్టాక నడుమ రెండు అంచులూ కనిపించినట్టు. క్రోమోజోముకు ఒక్కటే ఉండాల్సిన సెంట్రోమియర్‌కు తోడు, పని మానేసిన రెండోదాని గుర్తూ అందులోనే ఉంది. పూర్వం వేరువేరుగా ఉన్న రెండు క్రోమోజోములు మనవైపు శాఖలో కలిసిపోయాయన్నమాట.

ఇదే సాక్ష్యాన్ని 2005లో అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రపు డోవర్ బడి కేసులో కోర్టు ముందు వివరించినాయన కెన్నెత్ మిల్లర్. బ్రౌన్ యూనివర్సిటీలో జీవశాస్త్ర ఆచార్యుడు. క్రమం తప్పక చర్చికి వెళ్లే క్యాథలిక్కు కూడా. ఆ కేసు గురించి నీకు తెలియాలి, ఎందుకంటే అది మొదట నీలాంటి టీచర్ల కథ. పరిణామం వాస్తవం కాదు, సిద్ధాంతం మాత్రమే అనీ, జీవులను తెలివైన శక్తి ఏదో రూపొందించిందనే ‘ఇంటెలిజెంట్ డిజైన్’ వివరణ మరొకటి ఉందనీ తొమ్మిదో తరగతి పిల్లలకు చదివి వినిపించాలని అక్కడి స్కూలు బోర్డు తీర్మానించింది. సైన్స్ టీచర్లు మేం చదవబోమన్నారు. నిజం కాదని తెలిసింది పిల్లలకు చెప్పడం మా వృత్తికి విరుద్ధం అన్నారు. అధికారులే క్లాసులకు వచ్చి చదివి వెళ్లారు. పదకొండు మంది తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. తీర్పు చెప్పిన జాన్ జోన్స్‌ను జడ్జిగా నియమించింది అధ్యక్షుడు బుష్. ఇంటెలిజెంట్ డిజైన్ సైన్స్ కాదనీ, దాన్ని ప్రభుత్వ బడిలో చెప్పడం రాజ్యాంగ విరుద్ధమనీ ఆయన 139 పేజీల్లో రాశారు. ఆ టీచర్లు ఎవరి దేవుణ్నీ ఒక్క మాట అనలేదు. తమ క్లాసులో ఏది సైన్సో అది మాత్రం కాపాడుకున్నారు. నిన్నూ నేను అక్కడే నిలబడమంటున్నాను.

మన దగ్గర చిక్కు ఇంకో రూపంలో వస్తుంది. స్టాఫ్‌రూమ్‌లో ఎవరో ఒకరు ప్రేమగానే అంటారు: ‘ఇదంతా మన దశావతారాల్లో ఉన్నదేగా తల్లీ. చేప, తాబేలు, వరాహం, నరసింహం, వామనుడు.’ 2019లో జలంధర్లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో ఆంధ్రా యూనివర్సిటీ వైస్ ఛాన్సలరే పిల్లల ఎదుట దశావతారాలు డార్విన్ సిద్ధాంతం కన్నా మేలైనవన్నారు. ఆ పోలిక కొత్తదేం కాదు, పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉంది. తీయగా ఉంటుంది, పాఠం సులువుగా దిగుతుందనిపిస్తుంది. నువ్వు మాత్రం వాడకు. పరిణామం నిచ్చెన కాదు, తాబేలు వరాహంగా మారలేదు. చేపలు ఇప్పటికీ వాటి దారిలో అవి మారుతూనే ఉన్నాయి. పైగా ఆ పోలిక వల్ల అవతారానికి గౌరవం పెరుగుతుందనుకోవడం పొరపాటు. ప్రహ్లాదుడి మాట నిలబెట్టడానికి స్తంభం చీల్చుకుని వచ్చిన స్వామి నరసింహుడు. అహోబిలం కొండెక్కే భక్తుడు చూసేది ఆయన్ను. ఆయన్ను జంతువుకూ మనిషికీ మధ్య ఒక మెట్టుగా కుదిస్తే భాగవతం చిన్నబోతుంది, బయాలజీ తప్పుతుంది. నేను నరసింహస్వామికి మొక్కే మనిషిని, నీకు తెలుసు. ఆ భక్తితోనే చెబుతున్నాను.

ఇక ‘మరి దేవుడు ఉన్నాడా మేడమ్’ అని ఏ పిల్లో లేచి అడుగుతుంది. తప్పకుండా అడుగుతుంది. నవ్వకు, దాటెయ్యకు. ఈ గదిలో మనం ప్రశ్నలు వేసేది కొలవగలిగేవాటి మీద, తవ్వి తీసి చూపించగలిగేవాటి మీద అని చెప్పు. పరిణామానికి ఆధారాలేమిటో, అవి ఎలా దొరికాయో నీకు తెలిసి ఉండాలి, పరీక్షలో అదే అడుగుతాను, నీ నమ్మకం గురించి అడగను అని చెప్పు. డార్విన్‌కు గట్టిగా మద్దతిచ్చిన అమెరికన్ వృక్షశాస్త్రవేత్త ఏసా గ్రే దైవభక్తుడని చెప్పు. వృక్షశాస్త్రం బోధిస్తూ నాస్తికత్వం వల్ల కళాశాల ఉద్యోగాలు పోగొట్టుకున్న మన గోరా గారి గురించీ అదే గొంతుతో చెప్పు. ఆయన సేవాగ్రాం వెళ్లి గాంధీగారితో దేవుడి గురించే వాదించారు. ఒకరినొకరు మార్చుకోలేదు, స్నేహమూ చెడలేదు. పెద్దవాళ్లు తీరిగ్గా కూర్చుని అలా మాట్లాడుకోవచ్చు. మార్కులు వేసే చేతిలో ఉన్న పిల్లలతో మాత్రం కుదరదు.

ఎవరైనా తల్లిదండ్రులు బడికొచ్చి నిలదీస్తే పుస్తకం తెరిచి పాఠం చూపించు, కూర్చోబెట్టి మంచినీళ్లివ్వు. రాజ్యాంగంలోని 51ఎ అధికరణం శాస్త్రీయ దృక్పథాన్ని పెంపొందించుకోవడం పౌరుల విధి అంటుంది, 25వ అధికరణం మత స్వేచ్ఛ ఇస్తుంది. రెండూ ఆ తండ్రివే, రెండూ నీవే. వాటిని ఆయన మీదికి ఆయుధంలా తియ్యకు. వీలైతే పిల్లలను హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియానికి తీసుకెళ్లు. గోదావరి లోయలో యామనపల్లి దగ్గర దొరికిన కోటాసారస్ అస్థిపంజరం ముందు నిలబెట్టు. ఆ ఎముకలు మన నేలలో 16 కోట్ల ఏళ్లకు పైగా ఉన్నాయని మాత్రం చెప్పి పక్కకు తప్పుకో.

చివరగా, అసలు విషయం. సిలబస్ తగ్గింపు పేరిట ఎన్‌సీఈఆర్‌టీ పదో తరగతి సైన్స్ పుస్తకంలోంచి పరిణామం తీసేసింది. ‘అనువంశికత, పరిణామం’ అన్న అధ్యాయంలో అనువంశికత ఒక్కటే మిగిలింది. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు దాన్ని తిరిగి చేర్చమని బహిరంగ లేఖ రాశారు. పన్నెండో తరగతి బయాలజీలో ఆ పాఠం ఉంది నిజమే, కానీ పది తర్వాత ఎంపీసీలోకో, ఐటీఐకో, పొలానికో వెళ్లే పిల్లలకు ఇక ఎవరు చెబుతారు? పత్తి వేసేది వాళ్లే. క్షయకు మందులు సగంలో ఆపితే మొండి క్రిములే మిగులుతాయని తెలియాల్సిందీ వాళ్లకే. హెడ్మాస్టరు గారిని అడిగి సైన్స్ డే రోజు ఆ పోటీకి పెట్టిన రెండు గంటలూ నువ్వు తీసుకో. ఇద్దరు ముగ్గురు రైతులను బడికి పిలువు, పురుగు పట్టిన కాయలు తెమ్మను, పిల్లల చేత ప్రశ్నలు అడిగించు. పుస్తకంలో లేదని మాత్రం ఆ పాఠం వదిలెయ్యకు.

నీ పెద్దమ్మ