స్పెయిన్ హోటల్లో ఫిర్యాదు పత్రం అడగాలంటే

ఏమని అడగాలి?

"కిసియెరా లా ఓహా దె రెక్లమాథియోనెస్, పోర్ ఫవోర్." ఫిర్యాదు పత్రం ఇప్పించండి, దయచేసి అని అర్థం. స్పెయిన్ వెళ్లే మనవాళ్లు పలకరింపులు నేర్చుకోగానే నేర్చుకోవలసిన వాక్యం ఇదేనని నా గట్టి అభిప్రాయం.

అడిగితే ఇచ్చి తీరాలా?

తీరాలి. అక్కడి హోటళ్లు ఈ పత్రాలు సిద్ధంగా ఉంచుకోవాలి, ఉన్నాయని అందరికీ కనబడేచోట బోర్డు పెట్టాలి, అడిగినవారికి ఉచితంగా ఇవ్వాలి. మీ ఫిర్యాదులో న్యాయం లేదని మేనేజరుకు అనిపించినా ఇవ్వననడానికి వీల్లేదు. మొండికేస్తే స్థానిక పోలీసులను పిలవవచ్చు. వివరాలు ప్రాంతాన్ని బట్టి మారతాయి. ఆందలూసియాలోనైతే హోటలు 10 పనిదినాల్లో జవాబివ్వాలి. నింపాక మీ ప్రతిని మాత్రం వదిలి రాకండి.

"కియెరో" అంటే సరిపోదా?

సరిపోతుంది, కానీ కటువుగా వినిపిస్తుంది. రెండూ "కెరేర్" అనే క్రియ రూపాలే. కియెరో అంటే సూటిగా "నాకు కావాలి". కిసియెరా మాత్రం ఊహలో ఉన్న, ఇంకా జరగని సంగతులు చెప్పే భూతకాల రూపం. మనం "ఇవ్వండి"ని "ఇప్పిస్తారా" అని మెత్తబరచినట్టే, వాళ్లు వర్తమానాన్ని వదిలి ఈ రూపం వాడతారు. ఇలా మర్యాదగా అడిగినంత మాత్రాన మీ హక్కేమీ తగ్గదు.

"లా" ఎందుకొచ్చింది?

కాగితం అనే అర్థమున్న "ఓహా" స్త్రీలింగం కాబట్టి. "ఊనా" అంటే ఏదో ఒక కాగితం, "లా" అంటే చట్టం చెప్పిన ఆ కాగితమే. "రెక్లమాథియోన్" కూడా స్త్రీలింగమే, గది అనే అర్థమిచ్చే "ఆబితాథియోన్" కూడా అంతే. బహువచనానికి చివర "ఎస్" చేరుతుంది. లాటిన్ అమెరికాలో ఈ "థి"ని "సి" అంటారు.

హోటల్లో దిగేటప్పుడు పాస్‌పోర్టు చూసి "ఫిర్మె ఆకీ" అంటున్నారు. సంతకం చేయాలా?

చేయాలి. "ఇక్కడ సంతకం చేయండి" అని మర్యాదగా అడుగుతున్నారు. నువ్వు అనే చనువుంటే "ఫిర్మా" అనేవారు. బస చేసేవారి వివరాలు నమోదు చేసి ప్రభుత్వానికి పంపాలని 2021 నాటి 933వ రాయల్ డిక్రీ చెబుతోంది. 2024 డిసెంబరు 2 నుంచి అది పూర్తిగా అమల్లో ఉంది. 14 ఏళ్లు నిండిన ప్రతివారూ సంతకం పెట్టాలి, అంతకన్నా చిన్నపిల్లల వివరాలు వెంట ఉన్న పెద్దలు ఇస్తారు. పాస్‌పోర్టు చూపించక తప్పదు. దాని జిరాక్సు తీసుకోవడం మాత్రం అవసరానికి మించిన పనని అక్కడి డేటా పరిరక్షణ సంస్థ 2025లో తేల్చి చెప్పింది. వాళ్లు జిరాక్సు యంత్రం వైపు నడుస్తుంటే "సిన్ ఫోతోకోపియా, పోర్ ఫవోర్" (జిరాక్సు వద్దు, దయచేసి) అనండి.