ఋతువును రుచి చూచుట



గత అక్టోబరు నెలలో ఏడవ తరగతివారిని నేనొక ప్రశ్న అడిగితిని: "ఈ మాసమున మన ప్రాంతమున పక్వమునకు వచ్చు పండు ఏది?" అనేకులు ఆపిల్ అనిరి, కొందరు అరటి అనిరి. ఆ ఉదయముననే బడి వాకిట ఒక అవ్వ గంపెడు సీతాఫలములతో కూర్చుండియుండెను. పిల్లలందరును ఆమె ప్రక్కనుండియే లోనికి వచ్చిరి. వారిని నేను నిందింపను. అంగడిలో సంవత్సరము పొడుగునను అవే పండ్లు దొరకుచుండగా, నెలకును పండునకును సంబంధము గలదని వారికెట్లు తెలియును?

మరునాడు ఆ అవ్వనే తరగతికి పిలిచితిని. ఆమె ఒక కాయను చేతబట్టి, "కన్ను విచ్చినదా చూడు బిడ్డా" అనెను. కాయమీది గడుల నడుమ సందులు వెడల్పై లేత పసుపు వన్నెకు తిరిగిన పిమ్మట కోసినచో రెండు మూడు దినములలో పండును. అంతకు ముందే కోసినది సరిగా పండదు. ఫ్రిజ్జులో నుంచినచో తోలు నల్లబడును. కావున సీతాఫలమును దాచుకొని తినుటకు వీలులేదు. దాని కాలముననే తినవలయును. మేడ్చల్, శామీర్‌పేటల చుట్టునున్న రాతిగుట్టలమీద, నీరు పోయువారు లేకున్నను ఈ చెట్టు పెరుగును.

ఇట్లే ప్రతి కాలమునకును ఒక ఆహారము గలదు. చలికాలమున రేగుపండ్లు, పచ్చి జొన్నకంకులు వచ్చును. సంక్రాంతికి కొత్త బియ్యపు పిండిలో నువ్వులు, వాము కలిపి, గుడ్డమీద వలయములుగా చుట్టి సకినాలు చేయుదురు. నువ్వులలో నూనె మెండు. చలిలో దేహమునకు అట్టి ఆహారము హితము.

తరువాత ద్రాక్ష. ఈ రెండు ఊళ్ల పరిసరములు అనాబ్-ఎ-షాహీ ద్రాక్షతోటలకు పేరుపడినవి. తీగను ఏప్రిలులో ఒకసారి కత్తిరించి కొత్త రెమ్మలను పెంచుదురు. అక్టోబరులో మరల కత్తిరింపగా గుత్తులు పుట్టి, నాలుగైదు నెలలకు పండును. ఆ తోటలలో అనేకము ఇప్పుడు ఇండ్ల స్థలములైనవి.

ఎండలు ముదురుటకు ముందే చింతచిగురు పప్పులోనికి వచ్చును, వెనుకనే తాటిముంజలు. చెమటతో దేహము నీటిని, ఉప్పును కోల్పోవును. జొన్నపిండిని నీటిలో పులియబెట్టి, కాచి, ఉప్పును మజ్జిగయు కలిపిన అంబలి ఆ రెంటిని మరల నిచ్చును. దానిని బీదల తిండియని చిన్నచూపు చూచు విద్యార్థి, తన పాఠ్యపుస్తకములోని శరీరశాస్త్రమును సరిగా చదువలేదనియే చెప్పవలయును. జూన్ మొదటి వారమునకు మృగశిర కార్తె వచ్చును. ఆనాడు ఇంటింట చేపల కూర. పిమ్మట వానలలో బోడకాకర, నిప్పులమీద కాల్చిన మొక్కజొన్న కంకి.

వాన అనగానే మీకు చాయ్ జ్ఞాపకము రాకమానదు. మేడ్చల్‌లో నాగపూరు రహదారి ప్రక్కనను, శామీర్‌పేటలో కరీంనగరు రహదారి ప్రక్కనను ఇరానీ చాయ్ కాచువారు గలరు. డికాక్షనును మూతబెట్టి ఒక పాత్రలోను, పాలను చిక్కబడువరకు వేరొక పాత్రలోను మరగించి, తుదకు కప్పులో రెంటిని కలుపుదురు. తేయాకు మన నేలలో పండునది కాదు. దానికి పుల్లని మన్ను, అధిక వర్షము కావలయును. అందుచేత అస్సాములోను, నీలగిరులలోను పండుచున్నది. మనకు చాయ్ రుచి పన్నెండు నెలలును ఒక్కటే.

తేయాకునకు సైతము ఋతువు గలదని తెలిసికొనుటకు జపాను దేశమును చూడవలయును. అక్కడి మొక్కయు మన తేయాకు మొక్కయు ఒకే జాతివి. వారు కోసిన ఆకును వెంటనే ఆవిరిలో నుంచుటచే అది పచ్చగనే నిలుచును. మనవారు ఆకును నలిపి గాలి తగులనిత్తురు గనుక నల్లబడును. వారి లెక్కలో వసంతారంభమునుండి ఎనుబది యెనిమిదవ దినము, అనగా సుమారు మే 2వ తేది, కొత్త తేయాకు కోతకు ప్రసిద్ధము. ఆ కొత్త టీ కొరకు సామాన్య కుటుంబములు సైతము ఎదురుచూచును. వసంతమున చెర్రీ ఆకు చుట్టిన బియ్యపు మిఠాయి, వేసవిలో వేచిన బార్లీతో కాచి చల్లార్చిన నీరు, శరత్కాలమున చెస్ట్‌నట్ గింజలు కలిపి వండిన అన్నము, చలికాలమున కమలాపండ్లు వారి నిత్యసుఖములు. ఒక ఆహారము మిక్కిలి రుచిగా నుండు కాలమునకు వారు 'షున్' అని పేరు పెట్టిరి.

ఇది చదివి మనకట్టి మాట లేదని చింతింప నక్కరలేదు. మన పెద్దలు సంవత్సరమును ఇరువదియేడు కార్తెలుగా విభజించి, ఏ కార్తెలో ఏమి విత్తవలయునో, ఏమి తినవలయునో చెప్పియుంచిరి. లెక్క మనకును గలదు. దానిని చూచుట మానితిమి.

మానినచో నష్టమేమి? ఆ అవ్వ వెళ్లునప్పుడు చెప్పిన మాట వినుడు. ఆమె పూర్వము తన ఊరి గుట్టమీదనే కాయలు కోయుచుండెడిది. ఆ గుట్టను కంకరకై పగులగొట్టిరి. ఇప్పుడు తెల్లవారుజామున లేచి దూరపు గుట్టకు పోవుచున్నది. చెట్టు పేరు తెలియనివారికి చెట్టు పోయినదనియు తెలియదు.

భోజనమునకు ముందు మనము కృతజ్ఞత చెల్లింతుము. ఏ నేలకు, ఏ కాలమునకు, ఎవరి చేతిపనికి ఆ భోజనము ఫలమో ఎరిగినప్పుడే ఆ మాట నిండుగా నుండును.

అభ్యాసము: ఒక నోటుపుస్తకమున కార్తెల పేర్లు వరుసగా వ్రాయుడు. ప్రతి కార్తెలోను మీ యింట కొత్తగా వండినది, మీ ఊరిలో కొత్తగా పండినది గుర్తించుడు. తెలియనిచో అమ్మమ్మను, నాయనమ్మను అడుగుడు. వచ్చే అక్టోబరులో నేను మరల అదే ప్రశ్న అడుగుదును.